పాత ఫ్రెంచ్ రెడ్ వైన్: తెరవడం, వడ్డించడం, రుచి చూడడం, దాచడం ఎలా?

విదేశంలో ఉన్న పిల్లలు తెచ్చి ఇచ్చిన 20 ఏళ్ళ నాటి బోర్డో (ఫ్రాన్స్‌లోని ఒక వైన్ ప్రాంతం) సీసా ఇంట్లో ఉన్నవారు, లేదా డబ్బు కూడబెట్టి తమకు తామే అలాంటి సీసా కొనుక్కున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు నాలుగే. దీన్ని ఇంకా ఎంతకాలం ఉంచవచ్చు? తెరిచాక ఎంతసేపు గాలికి వదలాలి? ఎంత చల్లగా వడ్డించాలి? చెడిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? కొత్త వైన్‌తో మనకు అలవాటైన పద్ధతులు పాత వైన్‌కు హాని చేస్తాయి కాబట్టే ఈ ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. కొత్త సీసాలోని వగరును మెత్తబరచడానికి రెండు గంటలు గాలికి వదిలితే మేలు జరుగుతుంది; 30 ఏళ్ళ సీసాను అదే విధంగా వదిలితే అందులో మిగిలి ఉన్న సువాసన కాస్తా పోతుంది. వేడి, కుదుపు, గాలి అనే మూడింటినీ వీలైనంత తగ్గించండి, రుచి చూడకముందు ఏ నిర్ణయమూ తీసుకోకండి. కింది అంచెలన్నీ ఈ మాట మీదే ఆధారపడి ఉన్నాయి.

వివరణకు ఆధారంగా బోర్డోలోని మెడాక్ ప్రాంతపు 1996 పంట సీసాను తీసుకున్నాను. ఫ్రాన్స్‌లోని ఇతర ప్రాంతాలైన బర్గండీ, రోన్ వైన్‌లకు పద్ధతి మారే చోట ఆ తేడాను అక్కడే చెప్పాను.

ముందుగా తేల్చుకోవలసినది: ఈ వైన్ దాచదగినదేనా?

ఫ్రాన్స్‌లో తయారయ్యే రెడ్ వైన్‌లో అధికభాగం కొన్నేళ్ళలోపే తాగడానికి ఉద్దేశించినది. ఏటా నవంబరు మూడవ గురువారం విడుదలయ్యే బోజోలే నూవో వంటి వైన్‌ను పదేళ్ళు దాచినా మెరుగుపడదు, కొన్ని నెలల్లోనే తాగేయాలి. లేబుల్ మీద కేవలం బోర్డో అని మాత్రమే ఉన్న సాధారణ సీసాను కూడా నాలుగైదేళ్ళకు మించి ఉంచడంలో అర్థం లేదు. దీర్ఘకాలం నిలిచేది వగరు, పులుపు, పండు రుచి మూడూ సమృద్ధిగా ఉన్న వైన్ మాత్రమే. కాబెర్నే సోవిన్యాన్ ద్రాక్ష ప్రధానంగా ఉండే మెడాక్‌లోని పోయాక్, సాన్ జూలియాన్, మార్గో గ్రామాల మేలైన వైన్‌లు మంచి సంవత్సరాల్లో 15 నుంచి 30 ఏళ్ళ వరకు, కొన్ని అంతకు మించి నిలుస్తాయి. ఉత్తర రోన్‌లో సిరా ద్రాక్షతో చేసే ఎర్మితాజ్ కూడా అంతే. పినో న్వార్ ద్రాక్షతో చేసే బర్గండీలో గ్రామం పేరు మాత్రమే ఉన్న వైన్‌ను సాధారణంగా పదేళ్ళలోపు, ప్రెమియే క్రూను (మేలైన తోటల వైన్) 8 నుంచి 15 ఏళ్ళ మధ్య, గ్రాండ్ క్రూను (అత్యున్నత శ్రేణి తోటల వైన్) అంతకంటే ఆలస్యంగా తెరవవచ్చు.

మెడాక్ ఎస్టేట్లను అయిదు శ్రేణులుగా విభజించిన 1855 నాటి జాబితా ఈనాటికీ లేబుళ్ళ మీద కనిపిస్తుంది. 1973లో షాతో మూతోన్ రోత్షీల్డ్ అనే ఎస్టేట్‌ను మొదటి శ్రేణికి పెంచడం తప్ప అందులో చెప్పుకోదగ్గ మార్పు జరగలేదు. ఆ జాబితా ఎస్టేట్ ప్రతిష్ఠను చెబుతుందే తప్ప, మీ చేతిలోని సీసా ఏ స్థితిలో ఉందో చెప్పదు. పంట సంవత్సరాన్ని కూడా ప్రాంతంతో కలిపే చూడాలి. 1996లో మెడాక్‌లోని కాబెర్నే అద్భుతంగా పండింది, కానీ మెర్లో ద్రాక్ష ఎక్కువగా ఉండే బోర్డోలోని పోమెరోల్, సాంతెమిలియోన్ ప్రాంతాలకు ఆ ఏడు అంతగా కలిసిరాలేదు. 1998లో సరిగ్గా దీనికి తారుమారుగా జరిగింది. బోర్డోలో 2013 వంటి బలహీనమైన సంవత్సరపు వైన్‌ను పేరు చూసి దాచుకోవడం కంటే త్వరగా తాగేయడం మంచిది.

సీసా పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. 375 మి.లీ. సీసాలో వైన్ త్వరగా ముదురుతుంది, 1.5 లీటర్ల మాగ్నమ్‌లో నెమ్మదిగా ముదురుతుంది.

కావలసినవి

- వెయిటర్స్ ఫ్రెండ్ అనే మడత కార్క్‌స్క్రూ. దాని మర పొడవుగా ఉండాలి.
- రెండు రేకుల ఓపెనర్. దీన్ని ఆసో అంటారు. 25 ఏళ్ళు దాటిన బిరడాకు ఇది చాలా అవసరం.
- గాజు డికాంటర్ (సీసాలోని వైన్‌ను వంచి పోసుకునే పాత్ర), లేదా ఏ వాసనా లేని శుభ్రమైన గాజు జగ్గు.
- కొవ్వొత్తి లేదా చిన్న టార్చి. ఫోన్ లైటు కూడా సరిపోతుంది.
- ద్రవంలో ముంచి చూడగల డిజిటల్ థర్మామీటర్.
- సబ్బు వాసన లేకుండా కేవలం నీళ్ళతో ఉతికిన పలుచని మస్లిన్ గుడ్డ.
- నడుము వెడల్పుగా, మూతి ఇరుకుగా, కాడ ఉన్న గాజు గ్లాసులు. ఆరుగురికి 750 మి.లీ. సీసా ఒకటి చాలు.
- తెల్ల కాగితం, కలం.

వైన్‌లో గాలి కలిపే ఏరేటర్ అనే పరికరం ఈ జాబితాలో లేదు. పాత వైన్‌కు దాన్ని వాడకూడదు.

1. సీసాను కళ్ళతో పరీక్షించండి

సీసాను కదపకుండా, వెనుక నుంచి వెలుతురు పడేలా చూస్తూ వైన్ మట్టం ఎక్కడుందో గమనించండి. బోర్డో సీసాలో మట్టం మెడలో గానీ భుజం మొదలయ్యే చోట గానీ ఉంటే 20, 30 ఏళ్ళ వైన్‌కు అది ఆరోగ్యకరమైన స్థితి. భుజం మధ్యకు దిగి ఉంటే సందేహించాలి. 50 ఏళ్ళ సీసాలో అది క్షమించదగినదే కానీ 1996 సీసాలో కాదు. భుజం దిగువకు పడిపోయి ఉంటే బిరడా గాలిని లోపలికి వదిలిందని అర్థం, ఆ వైన్ చాలావరకు చెడిపోయి ఉంటుంది. బర్గండీ సీసాకు స్పష్టమైన భుజం ఉండదు కాబట్టి బిరడా అడుగు నుంచి మట్టం వరకు సెంటీమీటర్లలో కొలవండి. మూడు, నాలుగు సెంటీమీటర్లు మామూలే, ఏడు దాటితే ప్రమాదం.

మూతిమీది రేకు తొడుగు కింద జిగురుగా కారిన మరకలు ఉన్నాయా, బిరడా పైకి ఉబికి రేకును నెట్టిందా అనేవి కూడా చూడండి. ఉబికిన బిరడా ఎక్కడో, ఎప్పుడో సీసా వేడెక్కిందని చెప్పే గుర్తు. లేబుల్ మాసిపోవడం, చెమ్మతో మచ్చలు పడడం మాత్రం దోషం కాదు. తేమ ఉన్న నేలమాళిగలో నిల్వ ఉందనడానికి అది సాక్ష్యం.

ఖరీదైన సీసాను వేలంలోనో, తెలియని వ్యక్తి వద్దో కొనేవారికి ఒక హెచ్చరిక. 2008లో న్యూయార్క్‌లో జరిగిన ఒక వేలంలో బర్గండీలోని డొమైన్ పోన్సో అనే ఎస్టేట్ వారి క్లో సాన్ దెనీ వైన్ సీసాలు 1945 నుంచి 1971 వరకు గల సంవత్సరాల లేబుళ్ళతో కనిపించాయి. ఆ కుటుంబం ఆ వైన్‌ను తయారు చేయడం మొదలుపెట్టిందే 1982లో కాబట్టి, ఆ కుటుంబానికి చెందిన లోరాన్ పోన్సో స్వయంగా అభ్యంతరం చెప్పి వాటిని అమ్మకం నుంచి తప్పించారు. వాటిని వేలానికి ఇచ్చిన రూడీ కుర్నియావాన్ నకిలీ వైన్ కేసులో 2013లో దోషిగా తేలి, మరుసటి ఏడు పదేళ్ళ జైలు శిక్షకు గురయ్యాడు. అందువల్ల లేబుల్ మీది ఎస్టేట్ ఆ వైన్‌ను ఆ సంవత్సరంలో తయారు చేసిందా అన్న ప్రశ్నకు ముందుగా జవాబు వెతకండి. ఆ తర్వాత కొనుగోలు రసీదు, ఇంతకాలం ఎక్కడ నిల్వ ఉందన్న వివరం అడగండి. ఈ రెండూ చూపించలేని అమ్మకందారు వద్ద ఎంత తక్కువ ధరకు వచ్చినా కొనకండి.

2. ప్రయాణం చేసిన సీసాకు విశ్రాంతి ఇవ్వండి

విమానంలో వచ్చిన సీసాను అదే వారం తెరవకండి. కుదుపులకు మడ్డి అంతా వైన్‌లో కలిసిపోయి ఉంటుంది, అది తిరిగి అడుగుకు చేరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. భారత్‌కు వచ్చే ప్రయాణికులు సుంకం లేకుండా తెచ్చుకోగల మద్యం 2 లీటర్లు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. వాటిని చెక్-ఇన్ సామానులో బట్టల మధ్య గట్టిగా చుట్టి పెట్టాలి. విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చే దారిలో వేసవి ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే, 20 ఏళ్ళు జాగ్రత్తగా కాపాడిన వైన్ ఒక్క మధ్యాహ్నంలో ఉడికిపోతుంది.

3. సీసాను నిలబెట్టండి

తెరవడానికి కనీసం 24 గంటల ముందు, వీలైతే 48 గంటల ముందు, పడుకోబెట్టి ఉన్న సీసాను నెమ్మదిగా ఎత్తి నిలువుగా పెట్టండి. రంగు పదార్థాలు, వగరునిచ్చే టానిన్లు ఏళ్ళ తరబడి ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి మడ్డిగా పేరుకుంటాయి. అది ఆరోగ్యానికి హాని చేయదు, కానీ గ్లాసులోకి వస్తే వైన్ చేదెక్కి, నాలుకకు గరుకుగా తగులుతుంది. బర్గండీ మడ్డి మరీ సన్నగా ఉంటుంది కాబట్టి దానికి మూడు రోజులు ఇవ్వడం మంచిది.

ఈ అంచె ఫలించిందో లేదో చూడడానికి సీసా వెనుక టార్చి వెలిగించండి. పైభాగంలోని వైన్ తేటగా, మెరుస్తూ కనిపించాలి. మసకగా ఉంటే ఇంకొక రోజు ఆగండి. అతిథులు వచ్చే రోజు ఉదయం గుర్తొచ్చి నిలబెట్టిన సీసాను ఆ రాత్రి తెరవడం కంటే, మరో వైన్ వడ్డించి దీన్ని ఇంకొక రోజుకు ఉంచుకోవడమే మేలు.

4. సరైన చల్లదనానికి తీసుకురండి

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రత వద్ద వడ్డించాలన్న మాట యూరప్‌లోని పాతకాలపు చల్లటి గదులను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. ఆ గదుల్లో 16 నుంచి 18 డిగ్రీలు ఉండేవి. హైదరాబాద్‌లో మామూలు రోజున గదిలో 28 డిగ్రీలు ఉంటుంది, విజయవాడ వేసవిలో అంతకంటే ఎక్కువే. ఆ వేడిలో వైన్ తాగితే ఆల్కహాల్ మాత్రమే ముక్కుకు తగులుతుంది. పాత బోర్డోను 16 నుంచి 17 డిగ్రీల వద్ద, పాత బర్గండీని 14 నుంచి 15 డిగ్రీల వద్ద వడ్డించండి. మన గదుల్లో గ్లాసులో పోసిన పది నిమిషాలకే రెండు డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి, చెప్పినదానికంటే ఒక డిగ్రీ తక్కువలో మొదలుపెట్టడం తప్పు కాదు.

ఇంటి ఫ్రిజ్‌లో నిలువుగా పెడితే సుమారు గంట నుంచి గంటన్నరలో ఆ స్థితికి వస్తుంది. ఫ్రిజ్ తలుపులో పెట్టకండి, తెరిచి మూసిన ప్రతిసారీ సీసా కదులుతుంది. తొందరగా కావాలంటే మంచు కలిపిన నీళ్ళ బకెట్టులో నిలువుగా పది నుంచి పదిహేను నిమిషాలు ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. వైన్ మరీ చల్లబడిందనిపిస్తే గ్లాసును రెండు అరచేతులతో పట్టుకుంటే చాలు, వేడి నీళ్ళలో ఉంచవలసిన అవసరం లేదు.

5. బిరడాను తీయండి

సీసాను బల్ల మీదే ఉంచి, మూతి అంచుకు కొద్దిగా దిగువన రేకును గుండ్రంగా కోసి తీసేయండి. కింద నల్లటి బూజు కనిపిస్తే భయపడకండి, అది తేమ ఉన్న నిల్వగదికి గుర్తు మాత్రమే. 1990ల తొలినాళ్ళ వరకు ఈ తొడుగులను లెడ్ లోహంతో చేసేవారు కాబట్టి, తడిగుడ్డతో సీసా అంచును బాగా తుడిచి, ఆ తర్వాత పొడిగుడ్డతో మళ్ళీ తుడవండి.

కార్క్‌స్క్రూ వాడితే మరను బిరడా నడిమధ్యన నిలువుగా దించి, దాదాపు చివరి వరకు వెళ్ళనివ్వండి. మేలైన బోర్డో బిరడా 5 సెంటీమీటర్ల వరకు పొడవు ఉంటుంది. పొట్టి మరతో లాగితే సగంలో విరిగిపోవడం ఖాయం. బిరడా మెత్తబడి పిండిగా రాలుతున్నదనిపిస్తే రెండు రేకుల ఓపెనర్ తీసుకోండి. పొడవైన రేకును ముందుగా, పొట్టి రేకును తర్వాత బిరడాకూ గాజుకూ మధ్య సందులో పెట్టి, అటూ ఇటూ చిన్నగా ఊపుతూ కిందికి దించి, మెలితిప్పుతూ పైకి లాగండి. బిరడా ఇప్పటికే వదులుగా ఉంటే మాత్రం ఈ రేకులు దాన్ని లోపలికి తోసేస్తాయి. అప్పుడు మరే నయం.

బిరడా విరిగి లోపల పడిపోయినా వైన్ పాడైనట్లు కాదు. మస్లిన్ గుడ్డ మీదుగా వడకట్టి డికాంటర్‌లోకి తీసుకోండి. కాఫీ వడకట్టే కాగితం వాడకండి, దాని వాసన వైన్‌కు పడుతుంది.

బయటికి వచ్చిన బిరడాను ఒకసారి చూడండి. వైన్ తగిలిన చివర మాత్రమే రంగు పట్టి ఉంటే అది తన పని చేసింది. ప్రక్కన పైదాకా తడి చారలు ఉంటే గాలి వెళ్ళి ఉండవచ్చు.

6. మొదటి గుక్క: నిర్ణయం ఇక్కడే తీసుకోవాలి

గ్లాసులో రెండు స్పూన్ల వైన్ పోసి, గ్లాసును తిప్పకుండా వాసన చూడండి, తర్వాత కొద్దిగా తిప్పి మళ్ళీ చూడండి, ఆపైన రుచి చూడండి. 25 ఏళ్ళు మూసి ఉన్న సీసా నుంచి మొదట మూసిన గది వాసన రావడం సహజం. అది పది, పదిహేను నిమిషాల్లో పోతుంది. ఈ ఒక్క విషయం తెలియక మంచి వైన్‌ను పారబోసినవారు ఉన్నారు, చెడిన వైన్‌ను ఓపికగా తాగినవారూ ఉన్నారు. తేడా పట్టుకోవడానికి గుర్తులు ఇవి.

తడిసిన అట్టపెట్టె వాసన, ముక్కిపోయిన బియ్యం వాసన వస్తూ, పండు రుచి అణగిపోయి ఉంటే అది బిరడా దోషం. దీనికి కారణమైన ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములు ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. గాలి తగిలేకొద్దీ ఈ వాసన తగ్గదు, పెరుగుతుంది. అందుకే పదిహేను నిమిషాల తర్వాత రెండోసారి వాసన చూడడం నమ్మదగిన పరీక్ష. తాగినా హాని లేదు, తాగవలసిన అవసరమూ లేదు.

వినెగర్ లేదా గోళ్ళరంగు తుడిచే ద్రవం వాసన ఘాటుగా వస్తే వైన్ పులిసిపోయింది. రంగు టీ డికాక్షన్‌లా మారి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే లోపలికి గాలి వెళ్ళింది. ఉడికిన పండ్ల జామ్ వాసన తప్ప మరేమీ లేకపోతే నిల్వలో వేడికి గురైంది. కొద్దిపాటి పశువుల కొట్టం వాసన మాత్రం బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ వల్ల వస్తుంది. పాత రోన్, బోర్డో వైన్‌లలో అది తక్కువ మోతాదులో ఉంటే ఇష్టపడేవారు ఉన్నారు, మితిమీరితే దోషమే.

వైన్ బాగుందనుకుందాం. సువాసన ఇప్పటికే విచ్చుకుని, వగరు మెత్తబడి ఉంటే వెంటనే వడ్డించాలి. వగరు ఇంకా గట్టిగా, సువాసన ముడుచుకుని ఉంటే డికాంటర్‌లో 20, 30 నిమిషాలు ఉంచవచ్చు. 1996 మెడాక్‌లలో రెండు రకాలూ ఎదురవుతాయి, అందుకే రుచి చూడమంటున్నాను. 40 ఏళ్ళు దాటినదైతే గాలికి వదలనే వద్దు.

7. మడ్డి నుంచి తేటను వేరు చేయండి

బోర్డోలో పనిచేసిన ప్రఖ్యాత వైన్ శాస్త్రవేత్త ఎమీల్ పెయ్నో, డికాంటర్‌లోకి వంచడం మడ్డి ఉన్న వైన్‌కే అవసరమని, అది కూడా వడ్డించే ముందు మాత్రమే చేయాలని వాదించేవారు. కొత్త వైన్ విషయంలో ఆయనతో విభేదించేవారు ఉన్నారు కానీ, పాత వైన్‌కు ఆ సలహాను మించినది లేదని నా అభిప్రాయం.

డికాంటర్‌ను ముందుగా వాసన చూడండి. అల్మారాలో మూసి ఉంచిన గాజుకు చెక్క వాసన, దుమ్ము వాసన పడుతుంది. వేడి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రెండు స్పూన్ల వైన్‌ను లోపల తిప్పి పారబోయండి. వెలిగించిన కొవ్వొత్తిని బల్ల మీద పెట్టి, వెలుతురు సీసా మెడకు దిగువ నుంచి పడేలా నిలబడండి. సీసాను ఎత్తి, మధ్యలో ఆపకుండా, సన్నటి ధారగా డికాంటర్ గోడ వెంట జారేలా పోయండి. ఆపి మళ్ళీ మొదలుపెడితే వెనక్కి వెళ్ళిన వైన్ అడుగున ఉన్న మడ్డిని లేపుతుంది. భుజం దగ్గర పొగలాంటి సన్నని చార మెడవైపు కదలడం కనిపించగానే ఆపేయండి. సీసాలో 30 నుంచి 50 మి.లీ. మిగిలిపోతుంది. దాన్ని కూడా గ్లాసుల్లో సర్దాలన్న ఆశ వదులుకోండి, ఏ మాంసం వంటకంలోనైనా వేసుకోవచ్చు.

బర్గండీ సున్నితమైనది కాబట్టి దాన్ని డికాంటర్‌లోకి వంచకుండా, సీసాను ఒకే వాలులో ఉంచుతూ వరుసగా గ్లాసులన్నిటిలోకి నేరుగా పోయడం ఎక్కువమంది పాటించే పద్ధతి. ఒక గ్లాసు తర్వాత సీసాను నిటారుగా చేయకుండా తర్వాతి గ్లాసును మూతి దగ్గరకు తీసుకురావాలి. పక్కన ఒకరు సాయం ఉంటే ఇది తేలిక.

జరిగిన పని సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి డికాంటర్ వెనుక టార్చి పట్టండి. రేణువులు తేలకుండా మెరుస్తూ ఉంటే చాలు.

8. పోసి, రుచి చూడండి

గ్లాసులో మూడోవంతుకు మించి పోయకండి. తెల్ల కాగితం మీదుగా గ్లాసును వంచి అంచు రంగు చూడండి. కొత్త బోర్డో ఊదా ఎరుపులో ఉంటే, 25 ఏళ్ళది మధ్యలో దానిమ్మ రంగులో ఉండి అంచున ఇటుక రంగుకు తిరుగుతుంది. అంచు ఇటుక రంగులో ఉన్నా మధ్యభాగానికి ఇంకా ఎరుపు ఉంటే వైన్ బ్రతికే ఉంది.

వాసనలో పండును మాత్రమే వెతికితే పాత వైన్ మిమ్మల్ని నిరాశపరుస్తుంది. బ్లాక్‌కరెంట్ పండు వెనక్కి తగ్గి, దేవదారు చెక్క, తోలు, ఎండుటాకులు, పుట్టగొడుగులు, పొగాకు ముందుకు వస్తాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పొగాకు బ్యారన్ దగ్గర పెరిగినవారికి పోయాక్ వైన్‌లోని ఆ వాసన మొదటి క్షణంలోనే పట్టుబడుతుంది. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, చిగుళ్ళకు వగరు ఎలా తగులుతోందో, మింగిన తర్వాత రుచి ఎన్ని క్షణాలు నిలుస్తుందో గమనించండి. వగరు మెత్తగా ఉండి, పులుపు తాజాగా ఉండి, మింగాక రుచి చాలాసేపు నిలిచితే వైన్ మంచి దశలో ఉంది. వగరు మాత్రమే మిగిలి పండు పూర్తిగా ఎండిపోతే దాని కాలం దాటిపోయింది.

పది నిమిషాలకు, అరగంటకు, గంటకు ఒకసారి చొప్పున మళ్ళీ వాసన చూసి కాగితం మీద రాసుకోండి. పాత వైన్ గ్లాసులో మారుతుంది. కొన్ని అరగంటకు తారస్థాయికి చేరి గంటకు వాలిపోతాయి, మరికొన్ని గంట తర్వాత గానీ విచ్చుకోవు. ఈ మార్పును గమనించడం కోసమే ఇంత శ్రమ పడుతున్నాం కాబట్టి గ్లాసును ఒక్కసారి ఖాళీ చేయకండి.

భోజనం విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మిరపకారం వగరునూ ఆల్కహాల్ మంటనూ పెంచుతుంది, గోంగూర, చింతపండు పులుపు ముందు పాత వైన్ చప్పబడిపోతుంది. బిర్యానీతో పాటు దీన్ని వడ్డించడం రెండింటికీ అన్యాయమే. ముందుగా వైన్ తాగి, ఆ తర్వాత భోజనానికి కూర్చోండి. వైన్‌తో తినడానికి ఉప్పు, కొద్దిగా మిరియాలు మాత్రమే వేసి వెన్నలో వేయించిన మటన్ చాప్స్ బాగుంటాయి. పోయాక్‌లోనే గొర్రెపిల్ల మాంసం ఈ వైన్‌కు సంప్రదాయమైన జోడీ. శాకాహారులకు వెన్నలో వేయించిన పుట్టగొడుగులు, ముదిరిన కాంతే అనే ఫ్రెంచ్ చీజ్ చాలా బాగా కుదురుతాయి. ఘాటైన బ్లూ చీజ్ వద్దు.

మిగిలిన వైన్‌ను మర్నాటికి దాచాలంటే ఖాళీ 375 మి.లీ. సీసాలోకి మెడ వరకు నింపి, బిగించి, ఫ్రిజ్‌లో పెట్టండి. 30 ఏళ్ళు దాటిన వైన్ మర్నాటికి నిలుస్తుందని మాత్రం ఆశించకండి.

9. దాచుకోవాలనుకుంటే

నిల్వకు 12 నుంచి 14 డిగ్రీల మధ్య స్థిరమైన ఉష్ణోగ్రత, 60 నుంచి 75 శాతం తేమ, చీకటి, కదలికలేని చోటు కావాలి. సీసాను పడుకోబెట్టాలి, అప్పుడు బిరడా తడిగా ఉంటుంది. ఋతువులతో పాటు నెమ్మదిగా రెండు మూడు డిగ్రీలు మారితే ఫరవాలేదు. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే పడకగది మాత్రం చాలా చెడ్డది, ఎందుకంటే రోజూ వ్యాకోచించి కుంచించుకునే వైన్ బిరడా ప్రక్కల నుంచి గాలిని లోపలికి లాక్కుంటుంది.

మన ఇళ్ళలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు స్లాబు కిందనే ఉన్న అటక. వంటగది అల్మారా, కిటికీ పక్కన ఉన్న అలంకరణ ర్యాకు కూడా పనికిరావు. బట్టల బీరువాలో పెడితే చీకటి దొరుకుతుంది కానీ కలరా ఉండల వాసన ఏళ్ళ తరబడి బిరడాకు పడుతుంది. ఇంటి ఫ్రిజ్ కొన్ని వారాలకు సరిపోతుంది, ఏళ్ళకు కాదు. అది మరీ చల్లగా, పొడిగా ఉండి నిత్యం కంపిస్తుంది.

ఏడాదికి మించి దాచాలంటే వైన్ క్యాబినెట్ కొనక తప్పదు. కంప్రెసర్ రకాన్నే తీసుకోండి. థర్మోఎలక్ట్రిక్ రకం బయటి వేడికంటే కొంతమేరకే చల్లబరచగలదు కాబట్టి మన మే నెలలో చేతులెత్తేస్తుంది. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకండి. ఖాళీ అరల్లో నీళ్ళ సీసాలు పెట్టి ఉంచితే చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. క్యాబినెట్ మీది అంకెను నమ్మకుండా, నీళ్ళు నింపిన సీసాలో థర్మామీటర్ పెట్టి లోపల ఒక రోజంతా ఉంచి చూడండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఇంట్లో మద్యం నిల్వకు ఎక్సైజ్ పరిమితులు ఉన్నాయి కాబట్టి ఎక్కువ సీసాలు కొనే ముందు నియమాలు తెలుసుకోండి. న్యూజెర్సీ వంటి చోట్ల బేస్‌మెంట్ ఉన్న ఇళ్ళలోని తెలుగువారికి ఈ పని తేలిక. అక్కడ కూడా హీటర్‌కు, వాషింగ్ మెషీన్‌కు దూరంగా, నేలకు దగ్గరగా ఉన్న గోడ వైపు ఎంచుకోవాలి.

ఒకే వైన్ ఆరు సీసాలు కొన్నవారు అన్నిటినీ ఒకే వేడుకకు దాచకండి. మొదటిదాన్ని పంట సంవత్సరం నుంచి 12 లేదా 15 ఏళ్ళకు తెరిచి, తేదీ, రంగు, వగరు, గంట తర్వాత ఎలా ఉందన్న వివరం రాసి, ఆ కాగితాన్ని మిగిలిన సీసాలతోనే ఉంచండి. వగరు గట్టిగా ఉండి గంట తర్వాత వైన్ మెరుగుపడితే రెండో సీసాను మూడు, నాలుగేళ్ళు కదపకండి. గంట తర్వాత చప్పబడితే మిగిలిన అయిదింటినీ రెండేళ్ళలోపు తాగేయండి.